జడ్జి మస్తానమ్మ అడిగిన ఒక్క మాట

మస్తానమ్మ గారి గురించి పేపర్లో రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ తప్పే రాశారు. విదేశంలో యుద్ధ నేరాల కోర్టుకు ఆమె జడ్జిగా వెళ్లినప్పుడు 'చీరాల ఆడపడుచుకు అరుదైన గౌరవం' అన్నారు. ఆమెది చీరాల కాదు. రెండోసారి 'హంతకుడిని వదిలేసిన జడ్జి' అన్నారు. ఆ మనిషి హంతకుడు కాదు. అది రాసిన విలేకరి ఆ రోజు కోర్టు హాల్లో లేడు, క్యాంటీన్లో దోసె తింటున్నాడు. నాకెలా తెలుసంటే, మర్నాడు పేపరు పట్టుకుని అదే క్యాంటీన్లో వాణ్ణి నిలబెట్టి కడిగింది నేనే.

నా పేరు సుశీల్ కుమార్. పుట్టింది బిట్రగుంట రైల్వే కాలనీలో, బతికింది నెల్లూరు కోర్టుల్లో. ఇరవై ఏడేళ్లు బెంచి క్లర్కుగా పనిచేశాను. జడ్జి కుర్చీకి కింద, సాక్షి బోనుకు పక్కన నా బల్ల. సాక్షుల చేత ప్రమాణం చేయించేది నేనే. నా నోరు మంచిది కాదని మా ఆవిడ ఫేబీ అంటుంది, పాస్టరు గారు కూడా అంటారు. ఉండనివ్వండి. మెత్తగా మాట్లాడేవాళ్లను బోనులో వేలమందిని చూశాను.

ఇప్పుడు చెప్పేది చిన్నపోలయ్య కేసు. చిన్నపోలయ్య మనిషిని చంపలేదు. చంపానని ఒప్పుకున్నాడు. అది అబద్ధమని మస్తానమ్మ గారికి మొదటి రోజే తెలిసిపోయింది. తెలిసి ఏం చేస్తుంది, ఆ మనిషి ప్రాణం నిలబెడుతుందా లేదా అన్నదే అప్పుడు మా ముందున్న ప్రశ్న. ఆమెకెలా తెలిసిందో చెప్పాలంటే ముందు ఆమె నాన్న సంగతి చెప్పాలి.

ఆమె పుట్టింది ఈ నెల్లూరు సముద్రపొడ్డు పల్లెల్లోనే ఒకదానిలో. ఆ చుట్టుపక్కల నాలుగైదు పల్లెల్లో ఒక పద్ధతి ఉండేది. రెండు ఊళ్లు కొట్టుకుని ఒకడు చస్తే, పోలీసులు ఊరి మీద పడకముందే పెద్దలు కూర్చుని ఒక మనిషిని తేలుస్తారు. కొట్టినవాణ్ణి కాదు. ఊరు ఎవణ్ణి వదులుకోగలదో వాణ్ణి. వాడు వెళ్లి ఒప్పుకుంటాడు. వాడి ఇంటిని ఊరు సాకుతుంది. తలకు తల సరిపోయిందని అవతలి ఊరు కూడా చల్లబడుతుంది. నేరం చేసినవాడు మర్నాడు పడవ తోసుకుని వేటకు పోతాడు. దీన్ని వాళ్లు న్యాయం అనుకుంటారు. నాకైతే ఒళ్లు మండుతుంది.

మస్తానమ్మ గారికి ఎనిమిదేళ్లప్పుడు ఆ వంతు వాళ్ల నాన్నకు వచ్చింది. ఆయనకు చదువు లేదు. స్టేషన్లో ఏం చెప్పాలో పెద్దలు నేర్పి వెళ్లారు. ఊళ్లో బడికి పోయే ఆడపిల్ల ఆమె ఒక్కతే. కాబట్టి నాన్న వల అల్లుకుంటూ చెప్పడం, కూతురు ఎదురుగా కూర్చుని ఎక్కం అప్పజెప్పించుకున్నట్టు దిద్దడం. 'ఎడం చేత్తో జుట్టు పట్టినా, కుడి చేత్తో తెడ్డుతో ఏసినా, మూడు దెబ్బలేసినా.' మధ్యలో తప్పితే ఆయన మళ్లీ మొదటికి వచ్చేవాడు. 'రెండు కాదు నాయనా, మూడు' అని ఈమె సరిచేసేది. మూడు రోజుల్లో తప్పు లేకుండా వచ్చేసింది. పిల్ల సంతోషంతో చప్పట్లు కొట్టిందట. ఆయన రాజమండ్రి జైల్లో ఆరో ఏడు ఎవడితోనో గొడవలో పొత్తికడుపులో గుచ్చుకున్న రేకు ముక్కతో చచ్చిపోయాడు. ఊరు రెండేళ్లు సాకి మానేసింది. తల్లి ఈమెను తీసుకుని చీరాల వెళ్లి రొయ్యల షెడ్డులో తలలు తీసే పనిలో చేరింది. అందుకే సర్వీసు పుస్తకంలో సొంత ఊరు చీరాల అని పడింది. సొంత జిల్లాలో జడ్జికి పోస్టింగు ఇవ్వరు గనక, ఆ పొరపాటే ఆమెను చివరికి నెల్లూరుకు తెచ్చింది.

ఇదంతా ఆమె నాకు మధ్యాహ్నం చాంబర్లో క్యారియర్ విప్పుకుని, పెరుగన్నం కలుపుకుంటూ చెప్పింది. ముఖంలో ఏమీ లేదు.

గుంటూరులో లా చదివింది. మున్సిఫ్‌గా మొదలుపెట్టి ఏడు జిల్లాలు తిరిగింది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకమ్మా అని అడిగినవాళ్లకు 'టైం దొరకలేదు' అనేది. ఒక చోట ముద్దాయి తరఫువాళ్లు ఆమె కారు మీద నాటుబాంబు వేస్తే డ్రైవరు చెయ్యి ఎగిరిపోయింది. తెగిన చేతిని తువ్వాలులో చుట్టుకుని ఆస్పత్రికి పరుగెత్తింది ఆమే. మర్నాడు పదిన్నరకు బెంచి ఎక్కి అదే కేసు పిలిపించింది. ఆమెకు భయం లేదని నేననను. భయపడ్డప్పుడు గొంతు ఇంకా తగ్గిపోయేది, అంతే తేడా.

రెండువేల పన్నెండులో ఆమెను అంతర్జాతీయ కోర్టుకు పంపారు. తూర్పు సముద్రంలో ఒక చిన్న దీవి దేశం. అక్కడ సైన్యం సొంత జనాన్నే ఊచకోత కోసింది. వాళ్లను విచారించడానికి పలు దేశాల నుంచి జడ్జిలను తెచ్చారు. ఈమె బెంచిలో ముగ్గురు. వచ్చిన కేసు రేవులో ఐసు ఫ్యాక్టరీది. సైనికులు నలభై ఒక్కమందిని, అందరూ చేపలు పట్టుకునేవాళ్లే, ఐసు గదిలోకి తోసి తలుపు వేసేశారు. రెండు రోజుల తర్వాత తీశారు. అప్పటికి సగంమంది బిగుసుకుపోయి ఉన్నారు. ఇంకా ఊపిరి ఉన్నవాళ్లను ఐసు గడ్డలు కొట్టే సుత్తులతో తలల మీద కొట్టి చంపారు. సాక్ష్యం చెప్పిన ఒక తల్లి తన కొడుకును కాళ్ల చెప్పులు చూసి గుర్తుపట్టానని చెప్పింది. తల గుర్తుపట్టేట్టు లేదట. దుబాసీ ఆ మాట అనువదించలేక లేచి బయటికి వెళ్లిపోయాడు.

బోనులో మాత్రం ఒకే ఒక్క సిపాయి. ఇరవై రెండేళ్లవాడు. 'అంతా నేనే చేశాను, ఎవరూ చెప్పలేదు' అన్నాడు. తలుపు తాళం చెవి వాళ్ల పై అధికారి దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా ఉండదు. అయినా అధికారి పేరు ఎవరూ ఎత్తలేదు. సిపాయి చెబుతుండగా ఎవరో దగ్గారు. వాడు ఆగి, మళ్లీ మొదటి వాక్యం నుంచి ఎత్తుకున్నాడు.

'మా నాయన గుర్తొచ్చాడు సుశీల్ గారూ' అన్నది ఆమె నాతో. 'ఇది నీకెవరు నేర్పారు అని ఒక్క మాట అడగాలి. అడగడానికి అధికారం ఉంది, దుబాసీ ఉన్నాడు. పక్క జడ్జిగారు నా వైపు వంగి, వాడు ఒప్పుకున్నాడు, తల్లులు ఎదురుచూస్తున్నారు, మూడు నెలల్లో కోర్టు మూసేస్తారు, ఇక చాలు అన్నారు. నేను సంతకం పెట్టాను.'

తీర్పు తర్వాత పంతొమ్మిదో రోజు ఆ సిపాయి జైలు గదిలో గొంతు తెగి పడి ఉన్నాడు. అధికారి తర్వాత మంత్రి అయ్యాడట. ఆమె తిరిగి వచ్చాక సన్మానాలు చేశారు, శాలువాలు కప్పారు. ఆ శాలువాలన్నీ కోర్టు బంట్రోతులకు పంచేసింది. నాకూ ఒకటి ఇచ్చింది. ఎందుకమ్మా అంటే, 'నాకు సిగ్గుగా ఉంది' అని నేరుగా చెప్పేసింది.

చిన్నపోలయ్య కేసు ఆమె దగ్గరికి వచ్చింది రెండువేల పంతొమ్మిదిలో. సొర్లపాళెం, ఉప్పలమిట్ట పక్కపక్క పల్లెలు. ఉప్పలమిట్టవాళ్లు కట్టుబాటు మీరి సన్నకన్ను వలలు వేశారని సొర్లపాళెంవాళ్లు ఆరు పడవల మీద వెళ్లి నడిసముద్రంలో చుట్టుముట్టారు. తెడ్లు, గాలపుకొక్కేలు, పెట్రోలు సీసాలు. ఒక పడవ తగలబడింది. ఉప్పలమిట్ట మునెయ్య తల మీద దెబ్బపడి నీళ్లలో పడ్డాడు. పైకి తేలి సొర్లపాళెం పడవ అంచు పట్టుకున్నాడు. పడవలో ఉన్నవాడు చేపల కత్తితో ఆ చేతి మీద వేశాడు. నాలుగు వేళ్లు పడవలో పడ్డాయి, మనిషి కిందికి పోయాడు. మూడో రోజు ఒడ్డుకు కొట్టుకొచ్చిన శవానికి ముఖం లేదు. పీతలు తినేశాయి. వేళ్లు లేని చెయ్యి చూసి పెళ్లాం గుర్తుపట్టింది.

ఆ కత్తి పట్టింది గణేష్ అని సముద్రానికి కూడా తెలుసు. గణేష్ సొర్లపాళెం పెద్ద కామాక్షయ్య కొడుకు. స్టేషన్లో ఒప్పుకున్నది మాత్రం చిన్నపోలయ్య. కామాక్షయ్యే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి అప్పగించాడు. 'నేను చంపినా అని నా కాడ ఏడిసినాడయ్యా' అని వాంగ్మూలం ఇచ్చాడు.

మొదటి రోజు అభియోగం చదివి, నేరం ఒప్పుకుంటున్నావా అని అడిగితే చిన్నపోలయ్య చేతులు కట్టుకుని గబగబా మొదలుపెట్టాడు. 'పడవ మీద నేనుండా. తెడ్డుతో తల మీద ఏసినా. అంచు పట్టుకుంటే కత్తితో చేతి మీద ఏసినా.' ఫ్యాను చప్పుడుకు వినపడక ప్రభుత్వ వకీలు పీపీ గారు 'గట్టిగా చెప్పు' అన్నారు. వాడు ఆగి, మళ్లీ 'పడవ మీద నేనుండా' దగ్గరినుంచి ఎత్తుకున్నాడు. నేను తల తిప్పి చూశాను. మస్తానమ్మ గారు పెన్ను కింద పెట్టేసింది. హత్య కేసులో ముద్దాయి ఒప్పుకున్నాడు కదాని శిక్ష వేసెయ్యరు, విచారణ జరపాలి. సాక్షుల్ని పిలవమని గొంతు బాగా తగ్గించి చెప్పింది.

ఆ గొంతు భయానిదని నాకు తెలుసు. ఆ మధ్యాహ్నం చాంబర్లో ఉండబట్టలేక అనేశాను. 'అమ్మా, మీ మనసులో ఉన్నది సాక్ష్యం కాదు. వాడి తరఫు వకీలు నరేంద్రబాబును పెట్టింది కూడా కామాక్షయ్యే. ఆయన ఒక్క ప్రశ్న అడగడు. రెండు ఊళ్లూ ఒకటే మాట మీద ఉన్నాయి. మీరేం చేస్తారు?'

'తెలియదు' అన్నది. లేచి కిటికీ దగ్గరికి వెళ్లి బయటికి చూసింది.

నేనూ చూశాను. వరండా మెట్ల మీద సొర్లపాళెం జనం నలభైమంది దాకా కూర్చున్నారు, సద్ది మూటలు విప్పుకుని. సైకిల్ స్టాండు దగ్గర ఒకతె ఒంటరిగా కూర్చుని ఉంది. చిన్నపోలయ్య పెళ్లాం రోజా. పక్కనుంచి నీళ్లకు పోతున్న ఆడమనిషి ఒకతె రోజాకు తగలకుండా పైట దగ్గరికి లాక్కుని దాటుకుంటూ పోయింది. నేను ఏదో ఆడవాళ్ల కోపతాపాలనుకున్నాను. ఇన్నేళ్లు ఇక్కడే తిరిగిన నాకు కళ్లుండీ కనపడలేదు. ఆమెకు కనపడింది.

మర్నాడు కామాక్షయ్య బోనెక్కాడు. తెల్ల చొక్కా, మెడలో తువ్వాలు. నేను ప్రమాణం చేయించాను. దేవుడి మీద ప్రమాణం చేసి, చిన్నపోలయ్య తన దగ్గర ఎలా ఏడ్చాడో కళ్లకు కట్టినట్టు చెప్పాడు. నరేంద్రబాబు లేచి, 'క్రాస్ లేదు మేడం' అని కూర్చున్నాడు.

'నేనొకటి అడుగుతాను' అన్నది మస్తానమ్మ గారు. 'కామాక్షయ్య గారూ, మీ ఊళ్లో దురాయి ఉందా?'

పీపీ గారు అయోమయంగా చూశారు. ఆయనది కడప. దురాయి అంటే ఈ పల్లెల్లో ఊరి నిషేధం. ఏ ఇంటిమీద వేస్తే ఆ ఇంటిని ఊరు వెలేసినట్టే.

'ఉండాదమ్మా. మా తాతల కాణ్ణించీ ఉండాది' అన్నాడు కామాక్షయ్య. కొంచెం ఛాతీ కూడా విరిచాడు.

'దురాయి పడ్డ ఇంటివాళ్లు ఏం చెయ్యకూడదు?'

'నీళ్లకాడికి రాగూడదు. వాళ్లనెవురూ పలకరించగూడదు. మగోడు పడవ మీద చెయ్యెయ్యగూడదు.'

'ఎవరైనా మీరితే?'

'మీరరమ్మా. నా ఎరకన ఒక్కడు మీరలేదు.'

'మునెయ్య చనిపోయిన రోజున చిన్నపోలయ్య ఇంటిమీద దురాయి ఉండిందా, లేదా?'

కామాక్షయ్య జనం వైపు చూశాడు. ఊరు ఊరంతా అక్కడే ఉంది. రోజా పుట్టిల్లు ఉప్పలమిట్ట. గొడవలు నడుస్తుండగా అక్కడి పెళ్లికి వెళ్లొచ్చారని చిన్నపోలయ్య ఇంటిమీద దురాయి వేసింది ఈయనే. రోజా బిడ్డకు గంజి పోసిందని ఒక ముసలమ్మ చేత ఊరి ముందు ముక్కు నేలకు రాయించింది ఈయనే. ఆ ముసలమ్మ రెండో వరుసలో కూర్చుని ఉంది. దురాయి లేదంటే అది ఊళ్లో ఎన్నడూ లేనట్టే. ఇక ఈయన మాట విని పడవ ఆపేవాడు ఎవడుంటాడు? చిన్నపోలయ్య ఎట్లాగూ వెలివేసినవాడే గదా, ఊరికి బరువు తగ్గుతుందని వాణ్ణే ఏరి అప్పగించారు. శిక్షపడితే దురాయి ఎత్తేస్తామని మాట కూడా ఇచ్చారు. తాము చేసిన తప్పు అక్కడే ఉందని ఆ క్షణం దాకా వాళ్లకు తట్టలేదు. కోర్టులో దేవుడి మీద ఒట్టేసి అబద్ధమాడటం కామాక్షయ్యకు ఒక లెక్క కాదు. దురాయి లేదని చెప్పడం మాత్రం ఆయన వల్ల కాలేదు.

'ఉండింది' అన్నాడు.

'మరి పడవెక్కి మునెయ్యను ఎలా కొట్టాడు?'

'ఎక్కలేదమ్మా. ఎట్టెక్కతాడు? దురాయిలో ఉన్నోడు పడవెక్కేదానికి మావూరు ఏమన్నా కట్టుబాటు లేని ఊరనుకున్నారా?' అని కోపంగా అన్నాడు. ఊరి పరువు కాపాడుతున్నాననుకున్నాడు. ఏమన్నాడో అప్పుడు అర్థమై, మెడలో తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

పీపీ గారు ఫైలు మూసేశారు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అనుభవం ఉన్న లాయర్లు కూడా లేచి ఆమెకు దణ్ణం పెట్టారు.

పదో రోజున తీర్పు. నిర్దోషి, వెంటనే విడుదల, అసలు నేరస్థుణ్ణి వెతకండి అని రాసింది. చదవడం అయిపోయాక చిన్నపోలయ్య బోను దిగలేదు. కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

'అమ్మా, నన్ను లోపల్నే ఉంచండి' అన్నాడు. 'బైటికి పంపితే నేనే చెడగొట్టినానని చంపేస్తారు. పద్నాలుగేళ్లయితే యేమి, జైల్లో పడుంటా.'

'చట్టం ఒప్పుకోదయ్యా' అన్నది ఆమె. ఎస్పీకి అప్పటికప్పుడు ఉత్తరం రాయించి, వాడి ఇంటికి కాపలా పెట్టించింది. ఇద్దరు కానిస్టేబుళ్లు పదిహేను రోజులు అక్కడ వేపచెట్టు కింద పేకాడి, ఎన్నికల డ్యూటీ పడిందని వెళ్లిపోయారు.

పదిహేడో రోజు శనివారం, చేపల వేలంపాట జరిగే వేళ, పట్టపగలు ఒడ్డు మీద ఏడుగురు చిన్నపోలయ్యను చుట్టుముట్టారు. ముందు గణేష్. చిన్నపోలయ్య సముద్రంలోకి పరుగెత్తాడు. ఛాతీలోతు నీళ్లలోంచి జుట్టు పట్టుకుని ఈడ్చుకొచ్చారు. మెడకు వలతాడు బిగించి ఇసుకలో లాగారు. తెడ్డు విరిగేదాకా కొట్టి, విరిగిన మొనతో పొట్టలో పొడిచారు. రోజా మీద పడి అడ్డుకుంటే ఆమె మణికట్టు మీద తొక్కి విరిచారు. అరవైమంది ఉన్నారక్కడ. ఒక్కడు ముందుకు రాలేదు. కొందరు చేపల బుట్టలు రక్తానికి దూరంగా జరుపుకున్నారు.

కబురు తెచ్చింది నేనే. చాంబర్లో తలుపు మూసి, జడ్జి అని కూడా చూడకుండా అరిచాను. 'అడుసు తొక్కనేల, కాలు కడగనేల అమ్మా? వాణ్ణి లోపల ఉంచి ఉంటే బతికి ఉండేవాడు. నిజం నిజమని పట్టుకుని చేతులారా చంపుకున్నాం.' నన్ను సస్పెండు చెయ్యొచ్చు. చెయ్యలేదు. కుర్చీలో వెనక్కి ఒరిగి, 'నిజమే సుశీల్ గారూ' అన్నది. 'అడగకపోతే ఒకడు పోయాడు, అడిగితే ఒకడు పోయాడు.' ఆ తర్వాత నేను ఆమె మీద ఏనాడూ గొంతెత్తలేదు.

మర్నాడు పెద్దాస్పత్రికి వెళ్లింది. వద్దన్నాను, వినలేదు. నేనూ వెంట వెళ్లాను. రోజా చేతికి పిండికట్టుతో మంచం మీద కూర్చుని ఉంది. మస్తానమ్మ గారు దగ్గరికి వెళ్లి 'అమ్మా' అనేలోపు రెండో చేత్తో చెంప పగలగొట్టింది. అద్దాలు ఎగిరిపోయాయి. పెదవి చిట్లి రక్తం కారింది. నేను ముందుకు దూకాను. మస్తానమ్మ గారు చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

'నిన్నెవురు అడగమన్నారు?' అన్నది రోజా. 'ఊరు మమ్మల్ని సాకతానన్నింది. పద్నాలుగేళ్లకు వచ్చుండు నా మొగుడు. నువ్వే చంపినావు.'

'అవును' అన్నది మస్తానమ్మ గారు. ఆ రక్తం తుడుచుకోకుండానే కారు దాకా నడిచింది.

ఆమె రెండువేల ఇరవై ఒకటిలో రిటైరైంది. చిన్నపోలయ్య హత్య కేసు మరుసటి ఏడు మా కోర్టుకే, కొత్త జడ్జిగారి ముందుకు వచ్చింది. బోనులో ఎవరున్నారో చూసి నేను పళ్లు కొరుక్కున్నాను. చెంచయ్య. అరవై దాటిన మనిషి. దగ్గుతో నిలబడలేకపోతున్నాడు. ఊరు మళ్లీ కూర్చుని, మళ్లీ ఒకణ్ణి తేల్చేసింది. తాను ఒక్కడే కొట్టి చంపానని ఒప్పుకున్నాడు. కుక్క తోక వంకరే.

ముఖ్యసాక్షి రోజా. ఊరు ఆమె మీద దురాయి ఎత్తేసింది, ఇంటికి కొత్త రేకులు వేయించింది, ఇద్దరు ఆడపిల్లల్ని బడికి పంపుతోంది. ఆమె చెయ్యవలసిందల్లా చెంచయ్యను చూపించి 'ఈయనే' అనడం. మస్తానమ్మ గారు ప్రతి వాయిదాకూ మామూలు నేత చీరలో వచ్చి చివరి బల్ల మీద కూర్చునేది. రోజా ఆ వైపు తల తిప్పేది కాదు.

ఆ రోజు రోజా చేత ప్రమాణం చేయించింది నేనే. విరిగి అతుక్కున్న చెయ్యి సరిగా పైకి లేవలేదు.

'నీ భర్తను కొట్టింది బోనులో ఉన్న ఈ చెంచయ్యేనా?' అని అడిగారు పీపీ గారు.

'ఈ ముసిలాయన కాదు సార్' అన్నది రోజా. 'ఈయన ఆ పొద్దు మంచం మీద దగ్గతా ఉండాడు. కొట్టింది గణేష్. అదిగో, తలుపుకాడ నిలబడుకోనుండాడు.' ఆగకుండా మిగతా ఆరుగురి పేర్లూ తండ్రుల పేర్లతో సహా చెప్పింది. గణేష్ తలుపు దగ్గర్నుంచి 'ఏయ్' అని అరిచి ముందుకు వచ్చాడు. కానిస్టేబుళ్లు ఇద్దరు వాణ్ణి గోడకు నొక్కి పట్టుకున్నారు.

చెంచయ్యకు కూడా వకీలు కామాక్షయ్య పెట్టిన నరేంద్రబాబే, ఈసారి మాత్రం క్రాసుకు లేచాడు. 'వెనక కూర్చున్న రిటైర్డు జడ్జిగారు నీకు ఈ మాటలు నేర్పించారు, అవునా?'

రోజా అప్పుడు మొదటిసారి వెనక్కి తిరిగి మస్తానమ్మ గారిని చూసింది.

'ఆమె నాతో మాట్లాడితే రెండో చెంప కూడా పగిలుండు' అన్నది. 'ఆమె మీద నాకు కోపం పోలేదు సార్, పోదు కూడా. ఆమె అడిగినందుకు నా మొగుడు సచ్చినాడు. నేను చెప్పకపోతే ఈయన సస్తాడు. ఇద్దరు సచ్చినా గణేష్ ఇంటికి పోయి కూడు తింటానే ఉంటాడు. నేను చూసినా, నేను చెప్తుండా.'

కొత్త జడ్జిగారు పెన్ను ఆపారు. 'అమ్మా, ఇది చెప్పాక నీకేమవుతుందో తెలుసా?'

'తెలుసు సార్. పిల్లల్ని తెల్లారగట్లే మా అమ్మ కాడికి పంపించేసినా. మీరు రాసుకోండి.'

రాసుకున్నారు. వాంగ్మూలం చదివి వినిపించి, కాగితం ముందు పెట్టి, ఎక్కడ సంతకం పెట్టాలో నేను వేలితో చూపించాను. చెయ్యి సరిగా తిరగదు గనక చాలాసేపు పట్టింది. ప్రతి పేజీలో పెట్టింది. పెన్ను నాకు తిరిగి ఇచ్చి, ఎవరికీ వినపడకుండా అడిగింది.

'ఇంక నేను మావూరికి పోగూడదు గదా అన్నా?'

'పోకూడదమ్మా' అన్నాను.

బయట మస్తానమ్మ గారు ఆటో మాట్లాడి పక్కన నిలబడి ఉంది. రోజా ఆమె ముఖం చూడలేదు. ఆటో ఎక్కి, ఆమె కూర్చోవడానికి చోటిస్తూ పక్కకు జరిగింది.